ఎత్తున్నర తీగ

ఏనుగురాళ్ళ గుట్ట అని ఒక గుట్ట. దాని మీద పుంగనూరు ఆవుల మంద ఒకటి కాపురముండేది. మనిషి నడుం దాకా కూడా రాని పొట్టి ఆవులు. దూరం నుంచి చూసినవాళ్ళు మేకలనుకునేవాళ్ళు, దగ్గరికొచ్చి పాలు రుచి చూశాక నాలుక కరుచుకునేవాళ్ళు. పొట్టోడికి పుట్టెడు బుద్ధులన్న సామెత తమను చూసే పుట్టిందని ఆ ఆవుల నమ్మకం.

వాటి దొడ్డి గుట్ట పైన, మేత, నీళ్ళు గుట్ట కింద. పొద్దున దిగడం, సాయంత్రం ఎక్కడం. దారంతా నిట్టనిలువు బండలు. ఆ బండల మధ్యలో ఒక చిరుతపులి గుహ ఉంది. అయినా ఆవులకు భయం లేదు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, కొమ్ములు బయటికి పెట్టి, ఎక్కడా ఆగకుండా ఎక్కేసేవి. అలాంటి గుంపు మీద దూకితే తన పొట్టే చీలుతుందని చిరుతకు తెలుసు. వెనకబడిన ఆవు ఏదైనా ఉంటే అదే దానికి కూడు. తాతల నాటి నుంచి ఆ మందలో వెనకబడిన ఆవే లేదు.

ఆ మందలో చుక్కమ్మ అనే పడుచు ఆవు ఉండేది. నుదుటి మీద తెల్లచుక్క, నోట్లో ఎప్పుడూ ఒక "ఎందుకు". ఎండిన గడ్డి తియ్యగా ఎందుకుంటుంది? కొంగకు మన వీపు మీద ఏం పని? దాని అమ్మ బూదెమ్మకు జవాబులు చెప్పీ చెప్పీ విసుగొచ్చేది. "అడిగేది తగ్గించి మేసేది నేర్చుకోవే తల్లీ," అనేది.

ఒకరోజు నీళ్ళగుంట దగ్గరికి నారప్ప అనే నక్క వచ్చింది. చిరుత తిని వదిలేసిన ఎముకల మీద బతికే నక్క అది. ఈ మధ్య ఎముకలు కూడా దొరక్క డొక్కలు బయటపడ్డాయి. కానీ ఆ రోజు దాని మెడలో ఒక పచ్చి తీగ, ముఖంలో ఏదో పెద్దరికం.

"అక్కల్లారా, ఒంగోలు దాకా పోయొచ్చినా," అంది నారప్ప. "ఆడ గిత్తల్ని చూస్తే కండ్లు తిరిగిపోయినాయి. మూపురాలా అవి! గుట్టలు! ఇంత ఒళ్ళు యాడినుంచి వచ్చిందప్పా అని అడిగినా. అంతా కొలతలో ఉండాదన్నారు. మీ కోసరమని ఆ కొలత నేర్చుకోని వచ్చినా."

ఒంగోలు పేరు వినగానే మంద మొత్తం నెమరు ఆపింది. మేకలని పిలిపించుకున్నవాళ్ళకు ఆ పేరంటే అంత మోజు.

కొలత చాలా సులువు. గిట్ట నుంచి మూపురం దాకా ఎంత ఎత్తుందో అంత తీగ తీసుకోవాలి. దానికి ఇంకో సగం కలపాలి. ఆ ఎత్తున్నర తీగను పొట్ట చుట్టూ తిప్పాలి. కొసలు కలిస్తే ఆరోగ్యం. కలవకపోతే కొవ్వు. కొసలు కలిశాక ఇంకా తీగ మిగిలితే ఆ ఆవు బక్కది, తినాలి.

నారప్ప ముందుగా బూదెమ్మను కొలిచింది. తీగ జానెడు మిగిలింది. "అయ్యయ్యో, బూదెమ్మక్కా! జానెడు వదులు! ఇన్నాళ్ళూ ఎట్ల బతికినావమ్మా?"

ఒక్కో ఆవునూ కొలిచింది. ఎవరిని కొలిచినా జానెడే. ఒక్కసారిగా మందంతా తాము రోగిష్ఠి ఆవులమని తెలుసుకుంది.

చుక్కమ్మ ముందుకొచ్చింది. "మామా, ఈ కొలత ఎవరిని చూసి కట్టినారు?"

"చెప్పినా కదమ్మా, ఒంగోలు గిత్తల్ని చూసి."

"మేం ఒంగోలు గిత్తలం కాదు కదా?"

నారప్ప నవ్వింది. "అందుకే కదా తల్లీ, మీ అమ్మను మీ అమ్మ ఎత్తుతోనే కొలిచినా! ఒంగోలు ఎత్తుతో కొలిచింటే అన్యాయం. పొట్టోళ్ళకు పొట్టి తీగ, పొడుగోళ్ళకు పొడుగు తీగ. ఇంతకన్నా న్యాయం యాడుంటాది?"

ఆవులన్నీ తలలాడించాయి. మాట న్యాయంగానే ఉంది. అయినా చుక్కమ్మ మనసులో ఎక్కడో ఒక ముల్లు ఉండిపోయింది.

మందు కూడా నారప్పే చూపించింది. గుట్ట కింద వేరుశనగ చేనుకు వేసిన కంచెలో ఒక సందు ఉంది. రోజూ అక్కడ దూరి పచ్చి చెనిక్కాయలు మేయాలి. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, అందులోనూ చెప్పింది తినమని. ఆవులు కంచెలో దూరాయి.

నెల తిరిగేసరికి మందంతా నున్నగా మెరిసింది. తీగలో జానెడు వదులు కాస్తా బెత్తెడయింది. "ఇంకొంచెమే అక్కా, ఇంకొంచెమే," అని నారప్ప ఉత్సాహపరిచేది. ఆవులు సాయంత్రం గుట్ట ఎక్కుతూ రొప్పడం మొదలుపెట్టాయి. గుంపు సాగి బారుగా తయారైంది. ఒక సాయంత్రం నాంచారి అనే పెద్దావు మూడో బండ దగ్గర ఊపిరి కోసం ఆగింది. మిగతావి చూసుకోలేదు. బండ మీద నుంచి పసుపురంగు మెరుపొకటి కిందికి దూకింది.

మర్నాడు అందరికంటే ముందు ఏడ్చింది నారప్పే. "చెప్పినా కదక్కా! నాంచారికి బలం చాల్లేదు. తీగలో ఇంకా బెత్తెడు వదులుండింది. సరిగ్గా తినింటే ఈ గతి పట్టేదా?" ఏడుస్తూ మూతి నాక్కుంది. ముందు రాత్రి దానికి కడుపునిండా కూడు దొరికిందని ఎవరికి తెలుసు!

ఆవులు కన్నీళ్ళు తుడుచుకుని కంచెలో ఇంకాస్త లోపలికి దూరాయి. చుక్కమ్మ మాత్రం కదల్లేదు. చిన్నప్పుడు తన ఒళ్ళంతా నాకి పెంచిన పెద్దమ్మ నాంచారి. "బలం చాలకుంటే, జానెడు వదులున్నప్పుడు ఎందుకు వెనకబడలేదు? బెత్తెడుకు తగ్గినాక ఎందుకు వెనకబడింది?"

"పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ," అన్నాయి పెద్దావులు. "ఒంగోలోళ్ళ కంటే నీకు జాస్తి తెలుసునా?"

అసలు భయం చుక్కమ్మకు వాళ్ళ మాటల వల్ల కలగలేదు. ఆ సాయంత్రం వరుసలో అందరికంటే వెనక నడిచింది బూదెమ్మ.

చిరుత మిగిల్చిన మాంసంతో, చేలోని కాయలతో అప్పటికి నారప్ప కూడా బాగా ఒళ్ళు చేసింది. చుక్కమ్మ ఒకసారి అమాయకంగా అడిగింది, "మామా, నిన్ను నువ్వు కొలుచుకున్నావా?" నారప్ప వెంటనే తన ఎత్తున్నర తీగ తీసుకుని చుట్టుకుంది. బోలెడు తీగ మిగిలింది. "చూసినావా? నేనూ బక్కోణ్ణే! ఇంకా తినాల!" అని నిజంగానే సంతోషపడింది. ఒకటే అబద్ధం రోజూ చెబితే ముందు నమ్మేది చెప్పినవాడే.

ఆ వారంలోనే కింది రోడ్డు పక్క ఊళ్ళో బండలాగుడు పోటీలు పెట్టారు. కోస్తా నుంచి లారీలో ఒంగోలు గిత్తలు వచ్చాయి. చుక్కమ్మ మంద నుంచి తప్పించుకుని అవి దిగిన చింతతోపులోకి పోయింది. అక్కడ సింగరయ్య అనే గిత్త ఉలవలు నమలుతూ నిలబడి ఉంది. చుక్కమ్మ దాని పొట్ట కింద నుంచి అటు నడిచి ఇటు రావచ్చు.

"ఏందమ్మాయ్, దారి తప్పావా?"

"లేదు మామా, అడగాలని వచ్చినా. ఎత్తున్నర తీగ నిజమేనా?"

"ఎందుకు కాదు? పోటీకి ముందు నన్ను దాంతోనే కొలుస్తారు. కొసలు కలిస్తే బండ లాగుతా. వదులొస్తే చతికిలబడతా."

చుక్కమ్మ ముఖం చిన్నబోయింది. "అయితే మా అమ్మ ఎందుకు రొప్పుతా ఉండాది? ఇంకా బెత్తెడు వదులుండాదే!"

సింగరయ్య నమలడం ఆపింది. "మీరు కూడా ఆ తీగే చుట్టుకుంటున్నారా?" అని చుక్కమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "పులిని చూసి నక్క వాత పెట్టుకుందని విన్నా గానీ, ఆవు కూడా పెట్టుకుంటదని ఇప్పుడే చూస్తన్నా. ఇట్టా రా. ఇది నా మూపురం. ఇది నా గంగడోలు. ఇవి తొడలు. నేను తిన్నదంతా ముందు వీటికి పోద్ది. మరి నీ మూపురమేదీ? పిడికెడుంది. గంగడోలు మామిడాకంత. నువ్వు తిన్నది యాడికి పోద్ది? తిన్నగా పొట్టలోకి, గుండె మీదికి. బయటికి కొంతే కనపడుద్ది, తీగకు పూర్తిగా అందదు. ఎత్తు సరిచేస్తే సరిపోద్దా అమ్మాయ్? ఒళ్ళు తయారైన తీరే వేరైతే!"

"అయితే మా కొలత ఏంది మామా?"

"అది నాకేం తెలుసు? నేను పుట్టి బుద్ధెరిగాక గుట్టెక్కలా. మీ గుట్టనే అడుగు."

ఆ మాట చుక్కమ్మకు బెల్లంముక్కలా తోచింది. అడగడమే దానికి ఇష్టమైన పని.

ఆ సాయంత్రం నుంచి అది దారి పక్క బండ మీద నిలబడి మందను చూడసాగింది. కాళ్ళు చూసింది, తోకలు చూసింది. ఏమీ తెలియలేదు. చివరికి నోళ్ళు చూసింది. చెనిక్కాయ చేను మొహం చూడని ముసలావు ఒకటి ఉంది. ముందు పళ్ళు ఊడి కాయలు కొరకలేని ఆవు. అది నెమరేస్తూనే మొదటి బండ దాటింది, రెండోది, మూడోది దాటింది, దొడ్డి దాకా దవడ ఆగలేదు. మిగతా ఆవులకు మొదటి బండ దగ్గరే దవడ ఆగిపోయింది, నోరు తెరుచుకుంది. రొప్పేవాళ్ళు నెమరేయలేరు. చుక్కమ్మ పరుగున పోయి ముసలావును తీగతో కొలిచింది. జానెడు వదులు.

అప్పుడు గుట్టు తెలిసింది. తీగ అబద్ధమాడలేదు. కొసలు కలవడం సింగరయ్యకు ఆరోగ్యం. జానెడు వదులు ఉండడమే తమ ఆరోగ్యం. తమను బక్కవాళ్ళన్న రోజున తాము నిక్షేపంగా ఉన్నారు.

చుక్కమ్మ తల్లి దగ్గరికి పోయింది. "అమ్మా, నా మాట నమ్మొద్దు. ఒంగోలు మాట నమ్మొద్దు. రేపు నెమరేస్తా గుట్టెక్కు, అంతే."

"అదెంత పని!" అంది బూదెమ్మ.

మర్నాడు బూదెమ్మ పౌరుషంగా నెమరేస్తూ బయల్దేరింది. మొదటి బండ దాటకముందే దవడ ఆగింది. రెండో బండకు ఊపిరి ఈల వేసింది. మూడో బండ దగ్గర కాలు ఇక లేవలేదు. తల తిప్పి చూస్తే, సరిగ్గా నెత్తి మీద, బండ అంచు నుంచి పసుపురంగు తోక ఒకటి వేలాడుతోంది. చుక్కమ్మ వెనక నుంచి కొమ్ములతో పొడిచి, తోసి, అరిచి గోల చేసి తల్లిని పైకి తెచ్చి పడేసింది. దొడ్డిలో పడ్డాక బూదెమ్మ ఊపిరి కూడదీసుకుంది. తర్వాత కూతురి నుదుటి చుక్కను నాకి, "నువ్వు అడుగుతా ఉండవే తల్లీ," అంది. చుక్కమ్మ ఏడ్చేసింది.

ఆ రాత్రే మంద చెనిక్కాయలు మానేసింది. తీగను పారేయలేదు. కొస నుంచి జానెడు లోపల ఒక ముడి వేసుకుంది. పొట్ట ఆ ముడి దాటితే జాగ్రత్త పడాలి. కొన్ని వారాల పాటు, నారప్ప తిని నిద్రపోయే మధ్యాహ్నం వేళల్లో మంద దొంగచాటుగా గుట్టెక్కి దిగేది. నారప్పకు మెలకువ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు నీళ్ళగుంట దగ్గర నిలబడేది.

ఇదేమీ తెలియని నారప్ప మాత్రం చిరుతకు మాటిచ్చేసింది. "దొరా, ఈ సంతరోజు బూదెమ్మ మీది. ఒళ్ళు పండిపోయింది. నేనే వెనకుండి తోలుకోని వస్తా."

సంతరోజు సాయంత్రం చిరుత బండ మీద పొంచి కూర్చుంది. మంద వచ్చింది, కొమ్ములు బయటికి పెట్టి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, అన్నీ నెమరేస్తూ. బూదెమ్మ గుంపు నడిమధ్యలో ఉంది. ఒక్క దవడ ఆగలేదు. మొదటి బండ, రెండో బండ, మూడో బండ దాటి మంద పైకి పోయింది. దారి ఖాళీ అయింది. ఆ ఖాళీ దారిలో, అందరికంటే వెనక, రొప్పుతూ, నాలుక వేలాడేసుకుని ఒక్కటే వస్తోంది నారప్ప.

చిరుత కిందికి దిగింది. "ఏదిరా నా కూడు?"

"దొరా, తీగ ప్రకారం..."

"తీగతో నా కడుపు నిండుతుందా?"

నారప్ప తోక ముడిచి పరిగెత్తింది. రెండు బండల మధ్య తన పాత బొరియ ఉంది. తల దూరింది, భుజాలు దూరాయి, పొట్ట దగ్గర ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. కాళ్ళు గాలిలో కొట్టుకున్నాయి.

పైన బండ మీద నుంచి చుక్కమ్మ తొంగి చూసింది. "మామా, నీ తీగ ప్రకారం నువ్వు బక్కోడివి కదా! దూరిపో!"

చిరుతకు ఆ పూట పస్తు తప్పింది. చుక్కమ్మ నవ్వాలనుకుంది గానీ నాంచారి పెద్దమ్మ గుర్తొచ్చి నవ్వు రాలేదు.

ముడి తీగ సంగతి చుట్టుపక్కల పాకింది. కింది ఊరి గేదెలు వచ్చాయి. "చుక్కమ్మా, ఆ తీగ మాకూ ఇయ్యి. మేమూ చుట్టుకుంటాం."

"ఇస్తా," అంది చుక్కమ్మ. "కానీ ముందు చెప్పండి. మీరు ఏం చేస్తా ఉంటే మీకు రొప్పొస్తాది?"

గేదెలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. అవి ఎప్పుడూ దాన్ని ఆలోచించలేదు. "ఈదేటప్పుడేమో," అంది ఒకటి నెమ్మదిగా.

"అయితే పదండి చెరువుకు," అని చుక్కమ్మ చెవులు నిక్కించి అందరికంటే ముందు గుట్ట దిగింది. ముడి ఎక్కడ పడుతుందో చూడాలని దానికి ఒకటే ఆత్రం.

నీతి: కొలతను చుట్టుకునే ముందు, అది ఎవరి ఒంటి మీద పుట్టిందో అడుగు.