గాలి ఆడే కేసు

మామిడిపేటలో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని జోగినాథం, సింహాద్రి, అప్పలకొండ అనే ముగ్గురన్నదమ్ములు గట్టిగా నమ్మేవారు. ఊళ్ళో ఇంకెవరూ నమ్మలేదు గానీ, తెలివిలేని వాళ్ళ నమ్మకంతో వాళ్ళకేం పని. పైగా ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా చేస్తామని వేరే గర్వం. చెప్పినవాళ్ళు తర్వాత తల బాదుకునేవారంటే అది ఆ తలల లోపం.

ఈ మహానుభావుల ఇంట్లో ఉండి మేనకోడలు హిమజ కాలేజీలో చదువుకునేది. ఆ పిల్లకి తెలివి తండ్రి వైపు నుంచి వచ్చింది. నలుగురు స్నేహితురాళ్ళతో జట్టుకట్టి కంప్యూటర్లో తుపాకుల ఆట ఆడేది. ఆదివారం పోటీ. ఎవరింట్లో వాళ్ళు కూచుని ఆడాలి, గెలిస్తే జట్టంతా హైదరాబాదులో చివరి పోటీకి వెళ్ళొచ్చు. హిమజకి అంతకంటే పెద్ద కోరిక లేదు. కానీ ఇంట్లో కంప్యూటర్ లేదు, తనకేమో శుక్రవారం దాకా పరీక్షలు. గతిలేక విడిభాగాల చీటీ రాసి మావయ్యల చేతికిచ్చింది. మదర్‌బోర్డు, పదహారు జీబీల ర్యామ్, వీలైతే ముప్పై రెండు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, అన్నీ బిగించడానికో కేసు. "బడ్జెట్‌లో వచ్చేవే చూడండి మావయ్యా" అని చెప్పి పరీక్షకి వెళ్ళింది.

అంతే. ముగ్గురూ టీవీ ముందు కూచున్నారు. అదృష్టం బాగుండి ఆ రోజే రాష్ట్ర బడ్జెట్. కాలవలొచ్చాయి, రోడ్లొచ్చాయి, పశువుల ఆసుపత్రులొచ్చాయి. మదర్‌బోర్డు ఊసే లేదు. సాయంత్రం హిమజ రాగానే సింహాద్రి దిగులుగా, ఈ ఏడు బడ్జెట్‌లో రాలేదనీ, వచ్చే ఏడు చూద్దామనీ ఓదార్చాడు.

బడ్జెట్ అంటే తక్కువ ధర అని హిమజ ఓపిగ్గా చెప్పింది. రేపు ముందు కేసు సంగతి చూడమంది. గాలి బాగా ఆడే కేసు కావాలనీ, మిగతావన్నీ అందులో ఇరికేలా ఉండాలనీ విడమరిచి చెప్పింది.

ఇంకేముంది. పొద్దున్నే ముగ్గురూ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి కేసు కావాలన్నారు. ఏం కేసని ఎస్సై అడిగాడు. గాలి ఆడేదన్నారు. అప్పలకొండ లాకప్‌లోకి తొంగి చూసి, ఒక్కటే కిటికీ, చాలదని పెదవి విరిచాడు.

"అందులో ఎవర్ని ఇరికించాలి?" అన్నాడు ఎస్సై.

జోగినాథం చీటీ విప్పాడు. "ముందు మదర్నండి. తరవాత ర్యామ్‌ని."

కన్నతల్లిని కేసులో ఇరికించమనే కొడుకుల్ని ఎస్సై తన ఉద్యోగంలో చూడలేదు. ఆ ర్యామ్ ఎవడు, వాడి వయసెంత అని గద్దించాడు. సింహాద్రి చీటీలోకి చూసి, పదహారనీ, వీలైతే ముప్పై రెండనీ విన్నవించాడు. దాంతో ముగ్గుర్నీ సాయంత్రం దాకా గోడవారన నించోబెట్టారు. చివరికి ఆటల పిచ్చి ఉన్న కానిస్టేబుల్ ఒకాయన చీటీ చదివి, కేసంటే కంప్యూటర్ డబ్బా అనీ, అది దుకాణంలో దొరుకుతుందనీ చెప్పి ఇంటికి పంపాడు.

మర్నాడు దుకాణానికి బయల్దేరారు. గ్రాఫిక్స్ కార్డు పాతదైనా సరే తీసుకోండి అని చీటీలో ఉంది. అంతే, బీరువా వెతికి పాత రేషన్ కార్డు తీసుకున్నారు. దుకాణం ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, దీనిమీద కందిపప్పు వస్తుంది గానీ గేమ్ రాదన్నాడు. ముగ్గురూ ఊరుకుంటారా. గ్రాఫిక్స్ అంటే బొమ్మలే కదా, ఇందులో తాత బొమ్మ ఉంది, నానమ్మ బొమ్మ ఉంది, ఇంకెన్ని బొమ్మలు కావాలని మధ్యాహ్నం దాకా వాదించి, ఆయనకే కంప్యూటర్ల సంగతి తెలీదని తేల్చి వచ్చేశారు.

ఇక లాభం లేదని శనివారం హిమజే వెళ్ళింది. బోర్డుకి సరిపడే ప్రాసెసర్, పాతదైనా గట్టి కార్డు ఏరుకొచ్చి, వేళ్ళు బొబ్బలెక్కేలా మరలు బిగించింది. కంప్యూటర్ వెలిగింది. పిల్ల కళ్ళు కూడా వెలిగాయి, అది చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మావయ్యల్ని మాత్రం దేన్నీ ముట్టుకోవద్దంది, నోరు తెరిచి అడిగితేనే సాయం చెయ్యమంది. ఆదివారం ముగ్గురూ చేతులు కట్టుకుని ఆమె కుర్చీ వెనక నించున్నారు.

ఆట చివరికొచ్చింది. అటు మిగిలిన ముగ్గురూ పోతే గెలుపే. హిమజ చెవులకి హెడ్‌ఫోన్, మూతి దగ్గర మైకు. జట్టులో పిల్లతో గబగబా, "నా వెనకాల ముగ్గురున్నారు, కవర్ చెయ్యి, తొందరగా కవర్ చెయ్యి" అంది.

వెనక్కి చూడకుండానే ముగ్గురని ఎలా లెక్కపెట్టిందా అని సింహాద్రి మురిసిపోయాడు. నోరు తెరిచి అడిగింది కదా, అప్పలకొండ మంచం మీది రగ్గు లాక్కొచ్చాడు. ముగ్గురూ కలిసి పిల్లనీ, కంప్యూటర్నీ కలిపి నిండా కప్పేశారు.

రగ్గు లోపల తుపాకులు మోగాయి. తర్వాత హిమజ గొంతు నీరసంగా వినిపించింది. "నేను చచ్చిపోయానే."

ఇంకేముంది. సింహాద్రి నేలమీద కూలబడి శోకాలు మొదలెట్టాడు. అప్పలకొండ చుట్టాలకి కబురు చెప్పడానికి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. హిమజ రగ్గు తోసుకుని బయటికొచ్చేసరికి తెర మీద ఓడిపోయారని ఉంది. హైదరాబాదు ప్రయాణం అక్కడితో సరి. ఆ పిల్లకి ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి కూడా ఇంట్లో ఖాళీ లేదు.

"నేను బతికే ఉన్నాను మావయ్యా" అంది.

జోగినాథం కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "నీ నోటితో నువ్వే చెప్పేవు కదమ్మా. నీ మాట ఎప్పుడైనా కాదన్నామేటి? పడుకో తల్లీ, చుట్టాలొచ్చే వేళయింది" అని రగ్గు మళ్ళీ నిండా కప్పేశాడు.