నూనెపండు గింజలు

పాలవాగుకి ఇవతల కొండ, అవతల లోయ. కొండ మీద మేడిచెట్లూ టేకుచెట్లూ ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి గానీ, నూనెపండు చెట్టు మాత్రం లోయలోనే పుడుతుంది, లోయలోనే పెరుగుతుంది. ఎర్రగా పగిలిన ఆ పండు ఒక్కటి తింటే పూటంతా ఒంట్లో వేడి నిలుస్తుందనీ, నాలుగు తింటే ముసలి పిట్టకి కూడా కొత్త ఈకలొస్తాయనీ అడవిలో చెప్పుకుంటారు. అందులో కొంత కోత ఉందనుకున్నా, చాలామటుకు నిజమే.

శివరాత్రి వెళ్ళిన వారానికి ఆ లోయ మీద రేచుకుక్కలు పడ్డాయి. వాటి నాయకుడు గండోడు. తరతరాలుగా అక్కడే మేసిన దుప్పులు ఉన్నపళంగా వాగులో దిగి, పిల్లల్ని పక్కకి ఆనించుకుని ఈదుకుంటూ ఇవతలి గట్టుకి చేరాయి. దిగినవన్నీ ఒడ్డెక్కలేదు.

మర్నాడే సభ పెట్టారు. అడవిదున్న వీరభద్రం ఆ కొండకి పెద్ద. మాట తక్కువ, బరువెక్కువ.

"గండోడు పండు తినడు. కానీ ఆ పండు కావాల్సిన వాళ్ళు వాడడిగింది ఇస్తారు. వాడి బలమంతా అదే. అందుకని లోయని వెలి వేస్తున్నాం. అక్కణ్ణించి పండు రాకూడదు, ఇక్కణ్ణించి పుల్ల పోకూడదు. కబురు అసలే పోకూడదు."

అందరికంటే ముందు రెక్కలు టపటపలాడించింది కొమ్ముపిట్ట పెద్దిరాజు. ముక్కు మీద పడవంత కొమ్ము, దానికి తగ్గ గొంతు. "ఆ లోయ పండు ముట్టిన ముక్కు ముక్కే కాదండి. దుప్పుల కన్నీళ్ళు కలిసిన తిండి నాకూ వద్దు, నా ఇంటికీ వద్దు" అన్నాడు. దుప్పుల పెద్ద సూరమ్మ ఆ మాటకి తల వంచి దండం పెట్టింది. ఈతలో ఆమె ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. మూడోది ఇంకా పాలు తాగే కూన, తల్లి కాళ్ళ సందున నిలబడి కొత్త కొండని వింతగా చూస్తోంది.

కొమ్మ మీదున్న పెద్దిరాజు పెళ్ళాం వరాలమ్మకి ఒళ్ళు పులకరించింది. ఇంత పెద్దమనిషి తన మొగుడేనా అని పక్కకి తిరిగి మళ్ళీ చూసుకుంది.

కొమ్ముపిట్టల ఆచారం ఒకటుంది. గుడ్లు పెట్టే రోజులొస్తే ఆడపిట్ట చెట్టు తొర్రలో దూరుతుంది. మొగపిట్ట మట్టి తెచ్చి ఇస్తుంటే, లోపల్నించి తొర్ర నోటిని తానే మెత్తుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మిగులుతుంది, అంతే. తర్వాత రెక్కల ఈకలు కూడా రాల్చేసుకుంటుంది. పిల్లలు ఎదిగేదాకా ఎగరలేదు, బయటికి రాలేదు. తన ప్రాణం, పిల్లల ప్రాణం ఆ సందులోంచి వచ్చే తిండి మీదే. పాములూ ఉడుములూ తిరిగే అడవిలో ఇంతకంటే గట్టి కోట లేదు. అయితే అదే కోట, అదే చెర.

వరాలమ్మ నల్లమద్ది చెట్టు తొర్రలో చేరింది. గుడ్ల మీద పొదిగి కూర్చున్న ఇరవయ్యో రోజున పొట్ట కింద ఏదో కదిలింది. కదలిక కాదు, చప్పుడు. పెంకు లోపల ఓ గుండె కొట్టుకుంటోంది. ఇది ఆమెకి నాలుగో కాన్పు. అయినా ఊపిరి బిగబట్టి, తెల్లారి ఎండ సందులోంచి గీతలాగా పడి గోడ మీద జరిగి మాయమయ్యేదాకా అలాగే వింటూ ఉండిపోయింది. మట్టి మూసిన చీకట్లోకి ప్రాణం దారి వెతుక్కుంటూ ఎలా వస్తుందో ఎన్నిసార్లు చూసినా ఆమెకి అర్థం కాలేదు.

పిల్లలు రెండు పుట్టాయి. అక్కణ్ణించి కష్టం మొదలైంది. ఆ ఏడు ఎండలకి మేడిపండ్లు పిప్పిగా కాశాయి. పెద్దిరాజు రోజుకి పది సార్లు తిరిగి తెచ్చినా పిల్లల మెడలు నిలవడం లేదు. చిన్నది నోరు తెరవడం కూడా మానేసింది.

ఓ పొద్దున సందులోంచి ఎర్రటి పండు లోపలికి వచ్చింది. పగిలిన తొక్క మధ్య గుజ్జు నూనెతో తళతళలాడుతోంది.

"ఇదెక్కడిదయ్యా?" అంది వరాలమ్మ.

"కొండ సరుకే. నక్క తాతబ్బాయి వాగు మధ్య లంకలో కుప్ప పోస్తున్నాడు. ఉత్తరం గట్టున ఓ చెట్టు దొరికిందట."

"ఉత్తరం గట్టునా? మనం పదేళ్ళు తిరిగాం కదా అక్కడ."

"టేకాకు కప్పి ఉంది వరాలూ. టేకు లోయలో ఉందా? లేదు. మరింకేం. ముందు పిల్లకి పెట్టు."

వరాలమ్మకి ఇంకో ప్రశ్న ముక్కు చివరిదాకా వచ్చింది. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే మింగుడు పడదు. చిన్నదాని మెడ వాలిపోయి ఉంది. పండు నలిపి దాని నోట్లో పెట్టింది.

మధ్యాహ్నానికి ఆ పిల్ల తల ఎత్తింది. సాయంత్రానికి అరిచింది. వారం తిరిగేసరికి ఒంటి మీద మొలకలు పొడుచుకొచ్చి, ఒక్కో మొలకా చీలి ఈకగా విచ్చుకుంది. ఒక పండులో ఇంత శక్తి ఎవరు దాచారా అని వరాలమ్మ పిల్లల్నే చూస్తూ కూర్చునేది. వరాలమ్మ శుభ్రమైన ఇల్లాలు. తిన్నాక పావురం గుడ్డంత గింజలు లోపల ఉంచకుండా ఎప్పటికప్పుడు సందులోంచి బయటికి విసిరేసేది.

ఓ రోజు చెట్టు కింద నక్క గొంతు వినపడింది.

"ఆయ్, రాజుగారూ, పిల్లలెలా ఉన్నారండి?"

"నీ దయ వల్ల బాగున్నారోయ్."

"నా దయేముందండి, అంతా తమ చలవే. నాకేమీ ఇవ్వక్కర్లేదండి. కాకపోతే తమరు పైనుంచి చూస్తారు కదా, నాలుగు ముక్కలు చెబితే కాలక్షేపం అవుతుందండి. మబ్బెక్కడుంది, పచ్చిక ఎక్కడుంది, ఎవరెక్కడ నీళ్ళు తాగుతున్నారు, అలాంటివి."

"అదెంత భాగ్యం. మబ్బు తూర్పున. పచ్చిక పెద్దగా లేదు. దుప్పులు మధ్యాహ్నం పూట రెల్లు రేవులో దిగుతున్నాయి."

"ఆయ్, మంచిదండి" అంది నక్క.

మూడో రోజు మధ్యాహ్నం రేచుకుక్కలు వాగు దాటి రెల్లు రేవులో మాటు వేశాయి.

సాయంత్రం సూరమ్మ నల్లమద్ది కిందకి వచ్చింది. ఆమె కాళ్ళ సందున ఎవరూ లేరు. సందులోంచి వరాలమ్మకి ఆమె వీపు మీది చుక్కలు మాత్రం కనపడ్డాయి. ఆ చుక్కలు వణుకుతున్నాయి.

"పెద్దిరాజుగారూ, ఆ రేవు సంగతి వాళ్ళకెవరు చెప్పారో తెలీదు. మీరొక్కరే మా పక్షాన గట్టిగా మాట్లాడారు. రేపట్నించి పైనుంచి మీరే మమ్మల్ని కనిపెట్టి ఉండాలి. ఇంక మాకెవరున్నారు" అంది.

"అయ్యో, ఎంత మాట సూరమ్మా, నేనున్నాగా" అన్నాడు పెద్దిరాజు.

ఆమె వెళ్ళేదాకా ఆగి వరాలమ్మ సందు దగ్గరికి వచ్చింది. "రేవు సంగతి చెప్పింది నువ్వు."

"నేను గండోడికి చెప్పానా? నక్కకి చెప్పాను. నక్క ఎవరికి చెప్పిందో నాకేం తెలుసు?"

"పండు ఇచ్చింది కూడా గండోడు కాదు, నక్కే. అంతేనా?"

పెద్దిరాజు ముక్కు కొమ్మకేసి గీరుకున్నాడు.

"ఇవాళ్టి నించి మేడిపండ్లూ మిడతలూ తే. ఆ పండు తేకు."

"పిల్లలు చిక్కిపోతారు."

"చిక్కనీ."

అంత మాట అంది గానీ, కేకేసి సభకి చెప్పే ధైర్యం ఆమెకి రాలేదు. రెక్కల్లో ఈకలు లేవు, నోటి ముందు మట్టి గోడ. మొగుణ్ణి వెలి వేస్తే ఈ సందులో తిండి పెట్టేదెవరు? తిలాపాపం తలా పిడికెడు. తన పిడికెడు తనకి తెలుసు. ఆమెకి సిగ్గేసింది, భయమూ వేసింది, భయమే గెలిచింది.

మృగశిర కార్తెలో తొలివాన పడింది. అది వాన కాదు, ఆకాశం దిగివచ్చినట్టే. తొర్ర లోపల కూడా మట్టి వాసన నిండిపోయింది. పిల్లలు ఉరుముకి తల్లి రొమ్ములో దూరి, మళ్ళీ వినడానికి తలలు బయటపెట్టాయి. రెండు వారాలు కురిసి, ఆ మర్నాడు ఎండ కాసింది.

ఆ ఎండలో పెద్దిరాజుకి ఓ ఉపాయం తట్టింది. రేవు కబురు ఎవరు చేరవేశారని అడవంతా గుసగుసలాడుతోంది. ఆ గుసగుస తన కొమ్మ దాకా రాకముందే వేరే కొమ్మకి తోసెయ్యాలి. సభ పిలిచాడు. ఎక్కడో కాదు, తన చెట్టు కిందే, తన పెద్దరికం తెలిసేలా. పైనించి వచ్చి పైకే పోయేవాడు, చెట్టు మొదలు ఏనాడూ చూసుకోలేదు.

దున్న వచ్చింది, దుప్పులొచ్చాయి, కొండముచ్చులొచ్చాయి. నక్క తాతబ్బాయి కూడా ఏమీ ఎరగనట్టు వెనక వరసలో కూర్చుంది.

"చెట్ల చివర్లెక్కి నలుదిక్కులూ చూసేదెవరండి? కొండముచ్చులు" అన్నాడు పెద్దిరాజు. "లంకలో ఏవో పండ్లు చేతులు మారుతున్నాయని కూడా విన్నాను. దుప్పుల ఉసురు తగలకముందే వాళ్ళని వెలెయ్యాలి."

ముసలి కొండముచ్చు లేచింది. "మా వాళ్ళకి నోటి దురుసుంది, దొంగబుద్ధి లేదు బాబూ."

"ఆయ్, దొంగ ఎప్పుడూ దొంగనని చెప్పడండి" అంది నక్క వెనకనించి.

సూరమ్మ ఏ మాటా వినడం లేదు. ఆకలికో అలవాటుకో తల వంచి కాళ్ళ కింది లేత ఆకు అందుకోబోయి ఆగిపోయింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. మూతి ఆకుకి ఆనించి అలాగే ఉండిపోయింది. పక్కనున్న ముసలి దుప్పి వంగింది, దాని పక్కది వంగింది. ఒక్కొక్కటీ మూతి ఆనిస్తోంది గానీ ఒక్కటీ కొరకడం లేదు.

అప్పుడు అందరూ కిందికి చూశారు. నల్లమద్ది మొదట్లో, సరిగ్గా తొర్ర కింద, అర్ధచంద్రాకారంలో మొక్కలు లేచి ఉన్నాయి. వందలు. జానెడేసి కాడలు, కొసకి రెండేసి ఎర్రటి ఆకులు, ఎండలో నూనె రాసినట్టు మెరుస్తున్నాయి.

"ఇవి మా లోయ చెట్లు" అంది సూరమ్మ. ఆమె గొంతు గట్టిగా లేదు, కానీ అందరికీ వినపడింది. ఇవతల పుట్టిన దుప్పికూన ఒకటి ముందుకొచ్చి, "ఇదేనా అమ్మా మన ఊరు?" అని తల్లిని అడిగింది. కొండముచ్చులు కూడా గోక్కోవడం మానేసి చూస్తున్నాయి.

వీరభద్రం తల ఎత్తి తొర్ర వంకా, తల దించి మొక్కల వంకా చూసింది. "పెద్దిరాజూ, ఇవెలా వచ్చాయి?"

"గాలికి... గాలికి వచ్చుంటాయి."

"ఆయ్, ఈశాన్యం గాలండి, అటు నించి కొడితే" అంటూ నక్క అందుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఇంతవరకూ దాన్నెవరూ అడగలేదు.

వీరభద్రం కాలితో మట్టి కదిపి, మొక్క అంటిన గింజ ఒకటి పైకి తీసింది. "పావురం గుడ్డంత గింజ. గాలికి ఎగిరింది. వచ్చి మీ తొర్ర కిందే పడింది. అన్నీనూ."

పెద్దిరాజు ఓ కొమ్మ పైకి ఎగిరి కూర్చున్నాడు.

"గాలి కాదు" అని తొర్రలోంచి వినపడింది. "నేను విసిరాను. తిన్నది మేమే. నక్క పండిచ్చింది, ఆయన కబురిచ్చాడు. రెల్లు రేవు పేరు ఈ చెట్టు మీదనించే వెళ్ళింది."

సూరమ్మ సందు దగ్గరికి వచ్చింది. ఇద్దరు తల్లులకీ మధ్య మట్టి గోడ, అందులో ఓ చీలిక.

"నీకెప్పుడు తెలుసు వరాలమ్మా?"

"మొదటి పండుకే తెలుసమ్మా. అడగలేదు."

సూరమ్మ చీలికలోంచి లోపలి పిల్లల్ని చూసింది. "నీ పిల్లల మీద నాకు కోపం లేదు. నీ మీద ఉంది. అది పోదు" అంది.

వెలి వెయ్యడమే న్యాయమని వీరభద్రం అంటే సూరమ్మే అడ్డుపడింది. "వెలి వేస్తే పిల్లలు చస్తారు. తొర్రలోవాళ్ళు ఎగిరేదాకా ఆయన తిండి మొయ్యాలి. కానీ పైనుంచి కాదు. తెచ్చిన ప్రతి పండూ మా ముందు దించి, మేము వాసన చూశాకే ఎక్కాలి" అంది.

నక్క అప్పటికే జారుకుంది. వాగు దాటి గండోడి దగ్గర చేరింది. కొనేవాళ్ళు లేని పండు గండోడికెందుకు? కబురు తేలేని నక్క వాడికి మామూలు నక్క. తర్వాత దాన్ని ఇవతల ఎవరూ చూడలేదు. వానాకాలం ముదిరేసరికి లంకలో బేరాలు నిలిచిపోయి, రెల్లు రేవులో రేచుకుక్కల జాడ తగ్గింది. లోయ మాత్రం ఇంకా దుప్పులకి దక్కలేదు.

పెద్దిరాజు రోజుకి పది సార్లు దిగుతున్నాడు. దున్న ముందూ, కొండముచ్చుల ముందూ, పాలు మరవని దుప్పికూనల ముందూ ముక్కు తెరిచి నిలబడుతున్నాడు. అవి వాసన చూసి "మేడిపండే, వెళ్ళు బాబాయ్" అంటే అప్పుడు ఎగురుతున్నాడు.

వరాలమ్మ సందులోంచి చూస్తుంది. దుప్పులు వంతులేసుకుని ఆ మొక్కల చుట్టూ పడుకుంటున్నాయి, ఒక్క ఆకు తినవు, తిననివ్వవు. తొర్ర శుభ్రంగా ఉండాలని తాను విసిరిన గింజలు, ఊరు పోగొట్టుకున్నవాళ్ళకి ఊరై లేచాయి. అలా చేసిందెవరో ఆమెకి తెలీదు. తాను కాదని మాత్రం తెలుసు. పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుని, కొత్త ఈకలు వచ్చేదాకా ఆ వింతనే చూస్తూ కూర్చుంది.

నీతి: పండు ఎన్ని చేతులు మారినా, ఏ ఆకు కప్పినా, గింజ పుట్టింటి పేరే చెబుతుంది.