తోకకు మిగిలిన ముడి

కొండ కింద అడవికీ, రైతుల పశువుల పాకలకీ మధ్య పెద్ద వరిచేను ఒకటి ఉంది. ఏటా కోతలు అయిపోయాక రెండు నెలలు అది ఖాళీగా పడుంటుంది. ఆ రెండు నెలలూ అక్కడ జంతువుల పిల్లలు ఫుట్‌బాల్ ఆడతాయి. బంతి ఊళ్ళో హైస్కూలు పిల్లలు గోడవతల పోగొట్టుకున్నది. బహుమతి ఎవరో కాలవగట్టున మర్చిపోయిన ఇత్తడి చెంబు. చెంబే కదా అని తీసిపారేయకండి. దాని మూలంగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసిన కుటుంబాలున్నాయక్కడ.

ఆ పోటీలకి ఒక ఆచారం ఉంది. ఆట రోజు పొద్దున్నే ప్రతి తల్లీ ఒక ఎండుగడ్డి పరక తెచ్చి కోచ్ ఒంటికి ముడేస్తుంది. "నా పిల్లని నీకు అప్పజెప్పాను" అని దానర్థం. ఆటయ్యాక పిల్లని అటూ ఇటూ తిప్పి చూసుకుని, తన ముడి తనే విప్పుకుంటుంది. వేరే ఎవరూ విప్పకూడదు. ఒంటి మీద ఒక్క ముడి మిగిలున్నా కోచ్ చెంబు ముట్టుకోకూడదు. పాకల జట్టు కోచ్ మల్లన్న అనే ముసలి ఎద్దు. ఆయన కొమ్ములకి పన్నెండేళ్ళుగా ముడులు పడుతున్నాయి, విడిపోతున్నాయి.

అడవి జట్టుకి ఆ ఏడు కోచ్ దొరకలేదు. పాత కోచ్ ఎలుగుబంటి మోకాళ్ళ నొప్పులని తప్పుకున్నాడు. అప్పుడు నక్క కొండలయ్య ముందుకొచ్చాడు.

"నువ్వా!" అంది దుప్పి నరసమ్మ. "మా పిల్లల్ని తీసుకెళ్ళి నీ చేతిలో పెట్టాలా?"

"ఆటకే కదా నరసమ్మక్కా," అన్నాడు కొండలయ్య.

"ఆటకే అని నువ్వంటున్నావు. మీ తాత కూడా మా అమ్మమ్మతో కబుర్లకే అని వచ్చాడు."

కొండలయ్య మొహం చిన్నబోయింది. పుట్టి బుద్ధెరిగాక ఏ తల్లీ అతన్ని చూసి పిల్లని దగ్గరికి లాక్కోకుండా ఉండలేదు. ఎదురుపడితే చాలు, దారి ఖాళీ అయ్యేది. ఆకలి తీర్చుకోవడం అతనికి ఎప్పుడూ కష్టం కాలేదు గానీ, పలకరింపు మాత్రం కరువే. చివరికి వేరే దారి లేక తల్లులు ఒప్పుకున్నారు.

"ఈ ఒక్క పోటీ చూస్తాం," అంది నరసమ్మ అందరి తరఫునా. "బాగుంటే నువ్వే ఉండు. లేకపోతే నీ దారి నీది."

బాగుండడమంటే గెలవడమనే కొండలయ్య అర్థం చేసుకున్నాడు. ఇంకోలా ఉంటుందని అతనికి తోచనే లేదు.

మొదటి ఆట రోజున తొమ్మిది మంది తల్లులు వచ్చి అతని తోకకి తొమ్మిది ముడులేశారు. పీకి పీకి మరీ బిగించారు. నొప్పెట్టినా కొండలయ్య కిక్కురుమనలేదు. ఆ తోకని కాసేపు ఎత్తి పట్టుకుని, చేనుగట్టు మీద ఈ చివర్నించి ఆ చివరికి నడిచాడు. అందరూ చూడాలి కదా మరి!

నిజం చెప్పాలంటే పిల్లలకి ఆట బాగానే నేర్పాడు. అడవిపంది పిల్ల గున్నడికి బంతిని సూటిగా కొట్టడం వచ్చింది. నరసమ్మ కూతురు చుక్కి చేతికి దొరికేది కాదు, గాల్లో తేలిపోయేది. మూడాటలు గెలిచారు. ఫైనల్లో పాకల జట్టుతో ఆట. పాకల జట్టులో ఓ కోడెదూడ ఉంది. దాన్ని చూసినప్పుడల్లా కొండలయ్యకి గుండె జారిపోయేది.

"ఆ దూడని దాటి గోల్ కొట్టడం మన వల్ల కాదు," అన్నాడు ఫైనల్‌కి రెండు రోజుల ముందు, చుక్కిని పక్కకి పిలిచి. "అందుకని ఇంకో దారి చూద్దాం. దూడ దగ్గరికి రాగానే నువ్వు పడిపో. పడి కేకలు పెట్టు. రిఫరీ పెనాల్టీ ఇస్తాడు. గున్నడు కొడతాడు."

"తగలకుండానే పడాలా సార్?"

"తగిలినట్టు పడాలి. దాన్నే ప్రాక్టీసు చేయిస్తా."

"మా అమ్మ భయపడుతుంది సార్."

"మీ అమ్మకి నేను చెబుతాగా! ఇదిగో, ఒక గుర్తు పెట్టుకుందాం. ఉత్తుత్తినే పడితే కుడి పక్కకి పడు. నిజంగా తగిలితే ఎడమ పక్కకి పడు. ఎడమ పక్కకి పడ్డావా, అందరికంటే ముందు నేనే పరిగెత్తుకొస్తా. సరేనా?"

"నిజంగా తగిలినప్పుడు ఏ పక్కో గుర్తుంటుందా సార్?"

"గుర్తుంచుకోవాలి మరి. ప్రాక్టీసు దేనికనుకున్నావు?"

తన తెలివికి తనే మురిసిపోయాడు కొండలయ్య. అబద్ధం ఆడించినా పిల్ల క్షేమానికి ఏర్పాటు చేశానని అతని ధైర్యం. ఆ సంగతి నరసమ్మకీ చెప్పాడు. ఆవిడ మొహం మాడ్చుకుంది గానీ, వరసగా మూడు గెలిపించినవాడితో ఏం వాదిస్తుంది? పైగా చెంబు తన కూతురి వల్లే వస్తుందంటే ఏ తల్లికి చేదు?

ఫైనల్ రోజు తెల్లవారగానే మల్లన్న చేలోకి దిగాడు. ఆటకి ముందు చేను చూసుకోవడం కోచ్‌ల పని. చేలో సగం ఒకరిది, సగం ఇంకొకరిది. కోసిన మోళ్ళు గుచ్చుకోకుండా తొక్కాలి, ఎలుకల బొరియలుంటే మట్టి వేసి పూడ్చాలి. మల్లన్న తల వంచుకుని, ఒక్కో అడుగూ గట్టిగా వేస్తూ, తన సగమంతా దుక్కి దున్నినట్టు తిరిగాడు. తిరిగేసరికి ఎండెక్కింది.

అటు సగంలో కొండలయ్య చుక్కి చేత కుడి పక్కకి పడడం ప్రాక్టీసు చేయిస్తున్నాడు.

"మెడ వాల్చు! ఆఁ, అలా! కళ్ళు మూయొద్దు, కళ్ళల్లో నీళ్ళు కనబడాలి!"

మల్లన్న గట్టు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఏమోయ్ కొండలయ్యా, నీ సగంలో బొరియలు చూసుకున్నావా?"

"ఆ, చూశాలే."

"ఎప్పుడు చూశావు? నేనొచ్చిన కాడ్నించీ ఇక్కడే ఉన్నావుగా."

"ఇక్కడ నిలబడి చూశా. నా కళ్ళు నీ కళ్ళలాంటివి కావు మల్లన్నా, దూరం నించే బొరియలు కనిపెడతాయి."

"కావాలంటే నేనూ ఓ చెయ్యి వేస్తా."

"ఎందుకూ, ప్రాక్టీసు చూసిపోదామనా? నీ సంగతి నువ్వు చూసుకో."

మల్లన్న నెమరేసుకుంటూ వెళ్ళిపోయాడు. పట్టుబట్టి ఉంటే బాగుండేదని తర్వాత ఆయన చాలాసార్లు అనుకున్నాడు.

రిఫరీ కొంగ ఒంటికాలి మీద నిలబడి ఈల వేశాడు. ఆట మొదలైంది. సగం ఆట అయ్యేసరికి చెరొక గోలు. విరామంలో మల్లన్న కోడెదూడ మూతి వాసన చూసి, "నీకు ఒళ్ళు వెచ్చబడింది. ఇక కూర్చో," అన్నాడు.

"ఫైనల్ కదా తాతా!" అని ఏడుపు మొహం పెట్టింది దూడ.

"ఫైనలైతే జ్వరం రాదా? కూర్చో."

అవతల గట్టు మీంచి ఇదంతా చూసిన కొండలయ్యకి నవ్వాగలేదు. వెర్రి ఎద్దు, గెలిచే ఆటని చేజేతులా వదిలేసుకుంటోంది అనుకున్నాడు. దూడ లేకపోతే ఇక పడాల్సిన అవసరమే లేదు. ఆ మాట చుక్కికి చెప్పొచ్చు. చెప్పలేదు. వచ్చిన విద్య ఊరికే పోతుందెందుకని ఊరుకున్నాడు.

విరామం తర్వాత జట్లు వైపులు మార్చుకున్నాయి. ఇప్పుడు చుక్కి పరిగెత్తాల్సింది పొద్దున కొండలయ్య చూసుకోవాల్సిన సగంలో. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా బంతి ఆమెకి అందింది. ఇద్దరు మేకపిల్లల్ని దాటింది. గోలు ఎదురుగా దూడకి బదులు దిగిన బక్క గొర్రెపిల్ల ఒక్కటే ఉంది. చుక్కి దాన్నీ తప్పించి ముందుకు దూకింది. దూకిన చోట ఎలుకబొరియ. ముందు కాలు మోకాలి దాకా అందులోకి దిగింది. ఒళ్ళు మాత్రం ఆ ఊపులో ముందుకు వెళ్ళి, కుడి పక్కకి ఒరిగింది.

"అమ్మా!" అని అరిచింది చుక్కి.

"శభాష్!" అన్నాడు కొండలయ్య.

"నేను ముట్టుకోలేదు సార్! ఒట్టు, నేను ముట్టుకోలేదు!" అంటూ గొర్రెపిల్ల ఏడుపందుకుంది. కొంగ దాని మాట వినలేదు. పెనాల్టీ అని ఈల వేశాడు.

నరసమ్మ ఒక్క దూకుతో గట్టు దిగింది. కొండలయ్య గబగబా అడ్డమొచ్చాడు.

"అక్కా, ఆగు ఆగు! కుడి పక్కకి పడింది, చూడు. నటన."

"దాని గొంతు అలా లేదయ్యా."

"అలా లేకుండా ఉండడానికే కదా రెండు రోజులు చచ్చీచెడీ నేర్పించింది! నువ్విప్పుడు వెళ్ళావంటే అంతా బయటపడిపోతుంది. ఒక్క నిమిషం ఓర్చుకో."

నరసమ్మ ఆగిపోయింది. కూతురు అమ్మా అమ్మా అని పిలుస్తుంటే, పది అడుగుల దూరంలో నిలబడిపోయింది. మల్లన్న మాత్రం ఎవరినీ అడగలేదు. కొమ్ములకి గడ్డిపరకలు వేలాడుతుండగా అటు నించి బరువుగా పరిగెత్తుకొస్తున్నాడు.

ఈలోగా గున్నడు పెనాల్టీ కొట్టేశాడు. గోలు! వెంటనే ఆట ముగిసిన ఈల వినబడింది. కుందేళ్ళు గంతులేశాయి. కోతిపిల్ల గోలుపోస్టెక్కి ఊగింది. కొండలయ్య తోక గాల్లోకి ఎత్తి గిర్రున తిరిగాడు.

"లే చుక్కీ, లే! ఇంక చాలు, గెలిచాం!"

చుక్కి లేవలేదు. మల్లన్న మోకాళ్ళ మీద కూలబడి, మూతితో మట్టి తోసి ఆ కాలుని మెల్లగా పైకి తీస్తున్నాడు. మోకాలి కింద కాలు వంకర తిరిగి ఉంది. అది చూడగానే నరసమ్మ పెట్టిన కేక అడవిలోపలి దాకా వినబడింది.

కొండలయ్య ఎత్తిన తోక దించేశాడు. దగ్గరికొచ్చి, నోటికొచ్చిందే అన్నాడు.

"ఎడమ పక్కకి పడమన్నాను కదే నిన్ను!"

"కాలు ఎటు లాగితే అటు పడ్డాను సార్," అంది చుక్కి.

మల్లన్న వెదురు బద్దలు తెప్పించి, మెత్తటి గడ్డి చుట్టి కట్టు కట్టించాడు. కొంగ చెంబు తెచ్చి చేలో మధ్యన పెట్టాడు. గెలిచింది అడవి జట్టే. తల్లులు ఒక్కొక్కరే వచ్చి, పిల్లల్ని తడుముకుని, కొండలయ్య తోక నించి ముడులు విప్పుకున్నారు. ఎవరూ అతని మొహం చూడలేదు. ఎనిమిది ముడులు విడిపోయాయి.

కొంగ నరసమ్మ వైపు చూశాడు. "అమ్మా, నీ ముడి?"

"ఎలా ఇచ్చానో అలా తిరిగివ్వమను. విప్పుతాను."

"పొరపాటైపోయిందక్కా," అన్నాడు కొండలయ్య. "కావాలని చేశానా చెప్పు?"

"పిల్ల పడడం పొరపాటేనయ్యా. నన్ను ఆపావే, అదేంటి?"

కొండలయ్య తోకని ఆ ముడితో సహా కాళ్ళ మధ్యకి లాక్కున్నాడు.

చెంబు మల్లన్నకి ఇద్దామని ఎవరో అన్నారు. "మేం ఓడిపోయాం కదా, మాకెందుకు?" అన్నాడాయన. తన కొమ్ముల ముడులన్నీ విప్పించుకుని, జ్వరం దూడని ముందు నడిపించుకుంటూ పాకకి వెళ్ళిపోయాడు. చెంబు చేలోనే ఉండిపోయింది. వానలు పడ్డాక దాంట్లో కప్పలు కాపురం పెట్టాయి.

చుక్కి కాలు అతికింది. నడుస్తుంది, కాస్త కుంటుతుంది. దుప్పికి కుంటు అంటే ఏమిటో అడవిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పులి వాసన వచ్చిన రోజు నరసమ్మ కూతుర్ని మందకి సరిగ్గా మధ్యన పెట్టుకుని నిలబడుతుంది. పరిగెత్తమని చెప్పడానికి లేదు కదా!

కొండలయ్య తోకకి ఆ ఒక్క గడ్డిపరక అలాగే ఉంది. ఒక్క కొరుకు కొరికితే తెగిపోతుంది. అతనూ రెండు మూడుసార్లు నోటిదాకా తెచ్చుకున్నాడు. కొరికితే మళ్ళీ ఉత్త నక్క అయిపోతాడు, అంతే. అది అతనికి బాగా తెలుసు.

మరుసటి ఏడు కోతలయ్యాక అడవి జట్టుకి మళ్ళీ ఎలుగుబంటే కోచ్. నొప్పి మోకాళ్ళకి ఆకు పసరు రాసుకుని మరీ వచ్చాడు. ఆట రోజు పొద్దున్నే వచ్చిన తల్లులకి చేలో కొండలయ్య కనిపించాడు. ఎవరూ పిలవలేదు. కాళ్ళతో మట్టి తవ్వి ఒక్కో బొరియా పూడ్చి, మీద తొక్కి, మళ్ళీ వాసన చూసి, ఇంకో బొరియ దగ్గరికి వెళ్తున్నాడు. ఆ సగమూ ఈ సగమూ అని చూడడం లేదు. తోక చివర గడ్డిపరక వెలిసిపోయి వేలాడుతోంది.

చుక్కి గట్టు మీద తల్లి పక్కన పడుకుని చూస్తోంది.

"అమ్మా, పాపం, ఇప్పుడు విప్పేయకూడదా?"

"విప్పుతా," అంది నరసమ్మ. "నువ్వు పరిగెత్తిన రోజున."

పిల్లల్ని అప్పజెప్పించుకున్నవాడు గెలిచి వచ్చాడా, ఓడి వచ్చాడా అన్నది తర్వాత సంగతి. తీసుకెళ్ళిన పిల్లల్ని తీసుకెళ్ళినట్టే తెచ్చాడా అన్నదే ముందు సంగతి.