పైడమ్మ విన్న వార్త

ఎవరైనా ప్రశ్న అడిగితే తవిటయ్య మాస్టారు ముందు చెప్పులేసుకునేవారు. నలభై ఏళ్లు పత్రికలో పనిచేసి, కొత్తగా వచ్చిన విలేకరులకు రాత నేర్పుతున్న మనిషి. అయినా కుర్చీలో కూర్చుని జవాబు చెప్పడం ఆయనకు చేతకాదని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు.

ఆ బుధవారం పొద్దున్నే ఆ శిష్యుల్లో ఒకరైన హైమ పేపరు పట్టుకుని వచ్చింది. తట్టు టీకా మీద ఊళ్లో పుట్టిన పుకారును కడిగిపారేస్తూ ఆమె రాసిన వార్త ఆ రోజే అచ్చయింది. "తట్టు టీకాతో పక్షవాతం వస్తుందా?" అని పెద్దక్షరాల్లో పెట్టి, కింద ముగ్గురు డాక్టర్ల చేత అది శుద్ధ అబద్ధమని చెప్పించింది. మాస్టారు శీర్షిక చూసి పెదవి విరిచారు.

హైమకు ఉక్రోషం వచ్చింది. "అబద్ధాన్ని ఖండించాలంటే ముందు దాన్ని చెప్పాలి కదా మాస్టారూ?"

మాస్టారు చెప్పులేసుకుని ఆమెను బస్టాండు ఎదురుగా ఉన్న సింహాచలం టీ కొట్టుకు తీసుకెళ్లారు. చదువు రానివాళ్లకు పేపరు చదివి వినిపించడం సింహాచలానికి రోజూ ఉన్న పనే. కాకపోతే ఒకపక్క టీ కాచుకుంటూ చదివే మనిషికి చిన్నక్షరాల మీద ఓపిక ఎక్కడిది? శీర్షికలు మాత్రం వీధి వీధంతా వినేలా చదువుతాడు. "తట్టు టీకాతో పక్షవాతం వస్తుందా!" అని గొంతెత్తి చదివి, పేజీ తిప్పి జీడిపిక్కల ధరలోకి వెళ్లిపోయాడు.

"నిప్పు లేందే పొగొస్తాదేటి," అన్నాడు టీ తాగుతున్న ఒకాయన.

పిల్లాణ్ణి చంకనేసుకుని టీకా వేయించడానికి వెళ్తున్న పైడమ్మ ఆ మాటలు విని ఆగింది. చేతిలోని టీకా కార్డు మడిచి రొంటిన దోపుకుని, వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది. కిందటి నెల పక్క పేటలో ఇద్దరు పిల్లలు తట్టుతో ఆసుపత్రి పాలైన వార్త రాసింది కూడా హైమే.

పరిగెత్తుకెళ్లి అడ్డంగా నిలబడింది. "పక్షవాతం రాదమ్మా, అదంతా..."

"రాదని పరిగెట్టుకొచ్చి మరీ సెప్తన్నావంటే ఎవులికో వచ్చే ఉంటాది," అంటూ పైడమ్మ పిల్లాణ్ణి ఇంకా గట్టిగా హత్తుకుంది.

హైమ పక్షవాతం మాట వదిలేసింది. ఈసారి నెమ్మదిగా చెప్పింది. "పక్క పేటలో ఇద్దరు పిల్లలకి తట్టు పోసింది. ఊపిరందక నానా అవస్థా పడ్డారు. అది రాకుండా కాపాడేది ఈ టీకాయే. మా అన్నయ్య కూతురికీ వేయించాం. ఓ రోజు ఒళ్లు వెచ్చబడింది, అంతే. పద, నేనూ వస్తాను."

పైడమ్మ రొంటిన దోపిన కార్డు బయటికి తీసింది. "సూదేసినప్పుడు గుంటడ్ని నువ్వే పట్టుకో. నాను సూడలేను."

పిల్లాడు ఆరోగ్య కేంద్రం పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు. అయిదు నిమిషాల్లో అంతా మరిచిపోయి హైమ గాజులు లాగడం మొదలుపెట్టాడు. గుమ్మంలో తటపటాయిస్తున్న మరో తల్లిని పైడమ్మే కేకేసింది: "రాయే, ఏటీ కాదు!" హైమకు ప్రాణం లేచొచ్చింది.

తిరిగొస్తూ, వెంట వచ్చిన మాస్టారును అడిగింది. "రేపు మళ్లీ రాస్తాను మాస్టారూ. దేంతో మొదలుపెట్టమంటారు?"

"పైడమ్మతో రెండోసారి దేంతో మొదలుపెట్టావు?" అన్నారు మాస్టారు.