సాగని ఊపిరి

మద్దిలేటి బతకడని కుర్ర డాక్టరు సుధీంద్రకు పొద్దున్నే తెలిసిపోయింది. అతని భార్య ఈరమ్మతో ఆ మాట ఎవరు చెప్పాలన్నదే తేలలేదు.

మద్దిలేటి ఇరవై ఏళ్లు రాతిపొడి మిల్లులో దుమ్ము పీల్చినవాడు. ఆ రొమ్ము మీదికి ఇప్పుడు న్యుమోనియా వచ్చిపడింది. వార్డుకంతటికీ ఉన్న ఒక్క వెంటిలేటరు తెల్లవారుతూనే మొరాయించింది. ఇంకోటి పెద్దాసుపత్రి నుంచి రావాలట. అంతవరకూ గొంతులోని గొట్టానికి అంబూ బ్యాగు తగిలించి, ఈరమ్మకు ఇచ్చారు. ఆమె నొక్కితేనే అతనికి ఊపిరి.

ఆగిపోయే ముందు ఆ యంత్రం చూపిన అంకె పద్దెనిమిది. ఊపిరితిత్తులు ఎంత సాగుతున్నాయో చెప్పే అంకె అది. సుధీంద్ర నోటుబుక్కులో అలాంటివి అరవై మందివి ఉన్నాయి. ఇరవై కిందికి దిగినవాళ్లెవరూ నడిచి ఇంటికి వెళ్లలేదు.

బుక్కు పట్టుకుని పెద్ద డాక్టరు ఇస్మాయిల్ గదిలోకి దూసుకెళ్లాడు.

"ఇది చావు కాదు సార్, హత్య! ఆమెకు నిజం చెప్పి ఆ బ్యాగు ఆపించేద్దాం. సూపరింటెండెంటు గది ముందు ధర్నాకు కూర్చోబెడదాం. నేనూ కూర్చుంటా. వైద్యం భిక్ష కాదు, హక్కు!"

"ఆమె పొద్దుట్నుంచి ఏమన్నా తిందా?" అన్నాడు ఇస్మాయిల్.

సుధీంద్రకు తెలియదు.

పెద్దాయన లేచి వార్డులోకి నడిచాడు. "పోయి నాలుగు మెతుకులు తినిరామ్మా. ఈ అబ్బాయి నొక్కుతాడు."

ఈరమ్మ సుధీంద్రను ఎగాదిగా చూసింది. "ఈ సామివి పెన్ను పట్టే చేతులు. ఈయనతో అవుతాదా?"

ఇస్మాయిల్ బ్యాగు తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

సుధీంద్ర నొక్కాడు. గోడను తోసినట్టుంది. పళ్లు బిగించి ఇంకా గట్టిగా నొక్కాడు.

మణికట్టు మీద ఇస్మాయిల్ రెండు వేళ్లు ఆనాయి.

"మెల్లగా. నీ కోపం ఆయన రొమ్ములోకి పోనీకు. ఊపిరితిత్తి చిరుగుతుంది."

ఆ వేళ్లు చాలాసేపు అక్కడే ఉన్నాయి. ఒక్కో నొక్కూ కిందటిదానికన్నా మొండికేస్తోంది. సుధీంద్రకు భుజం దాకా నొప్పి పాకింది. మద్దిలేటి గోళ్ల సందుల్లో ఇంకా తెల్లటి రాతిపొడి ఉంది. అది ఇవాళే చూశాడు.

ఈరమ్మ మూతి తుడుచుకుంటూ వచ్చి బ్యాగు అందుకుంది. రెండుమార్లు నొక్కి, సుధీంద్ర ముఖంలోకి చూసింది.

"పొద్దున ఇంత బిర్రు లేదు సామీ."

అతను తల దించుకున్నాడు.

"నా చేతికి తెలుస్తానే ఉండాది. నువ్వు ఆ బుక్కు పట్టుకోని నా చుట్టూ తిరగతాంటే, చెప్తావేమోనని చూస్తాంటి." నొక్కుతూనే అడిగింది. "ఆపేయమంటావా?"

పొద్దుట్నుంచి నోట్లో నానుతున్న మాటే. సుధీంద్ర గురువు వైపు తిరిగాడు.

"సార్, నా లెక్క..."

ఇస్మాయిల్ మంచం అవతలికి ఇంకో స్టూలు లాగాడు.

"నీ లెక్క తప్పు కాదు. కూర్చో. ఆమె చేతులు నొస్తే నువ్వు నొక్కు."