నలభై ఎనిమిది వోల్టులు

ఆ ఉదయం వకుళకి ఓపిక పూర్తిగా అయిపోయింది. నీళ్ళ హీటరు పనిచెయ్యడం లేదు. చెంగమ్మ అన్నం తినడం లేదు.

పెన్న ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో నా అన్నవాళ్ళు లేని రోగులు పద్దెనిమిది మంది. పదకొండేళ్ళుగా వాళ్ళ షెడ్డు వకుళదే. నీళ్ళు కాచడం, ఒళ్ళు తుడవడం, తినిపించడం, పక్కలు మార్చడం, మళ్ళీ నీళ్ళు కాచడం. ఈ మధ్య తెల్లవారుజామున పెట్టిన డ్రమ్ము పూజ అయ్యేవేళకి కూడా సరిగ్గా కాగడం లేదు. చెంగమ్మ చూస్తే నాలుగు రోజులుగా గంజినీళ్ళు తప్ప ముద్ద ముట్టలేదు.

"తింటావా, తీసెయ్యనా?" అంది వకుళ, కంచం మంచం మీద పెట్టి.

"అది పెట్టడమా, పడెయ్యడమా?" అంది చెంగమ్మ గోడవైపు తిరుగుతూ. "కుక్కైనా పెట్టేవాళ్ళ మొహం చూసి తింటుందమ్మా!"

వకుళ కంచం తీసి పక్కన పెట్టేసి, సరాసరి గురువుగారి గదికి వెళ్ళింది.

గురువు యోగాంబగారు కాషాయం కట్టకముందు ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. మీటర్లు పెట్టుకునే రేకుపెట్టె ఇప్పటికీ జపమాల పక్కనే ఉంటుంది.

"అమ్మా, పదకొండింటికి పట్నం నుంచి అనాథల హోము జీపు వస్తోంది. చెంగమ్మని పంపించేద్దాం. నేనెంత చేసినా ఆ మనిషికి చేరడం లేదు."

ఆ హోముకి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదని ఇద్దరికీ తెలుసు.

యోగాంబగారు ఆమె మొహంలోకి చూశారు. "హీటరు సంగతేమిటి?"

"అదీ అంతే. పారేసి కొత్తది తెప్పించండి."

"ముందు దాన్ని చూద్దాం పద. మనిషికంటే అది తొందరగా తేలుతుంది," అంటూ పెట్టె అందుకున్నారు.

ఆఫీసు గది బోర్డు దగ్గర మీటరు రెండొందల ముప్పై వోల్టులు చూపించింది. షెడ్డులో హీటరు నడుస్తుండగా దాని దగ్గర పెడితే నూట ఎనభై రెండే. జంట తీగలో ఒక పోగు విడదీసి, కరెంటు కొలిచే మీటరు దానికి తగిలించారు. ఏడు ఆంపియర్లు.

"వోల్టుల్ని ఆంపియర్లతో భాగించు."

వకుళ సుద్దముక్కతో నేలమీద లెక్క వేసింది. "ఇరవై ఆరు."

"ఇరవై ఆరు ఓములు. అది హీటరు నిరోధం. రెండువేల వాట్ల హీటరుకి అంతే ఉండాలి. దానికే రోగమూ లేదు. ఇప్పుడు రెంటినీ గుణించు."

"వెయ్యిన్ని రెండొందల డెబ్భై నాలుగు వాట్లు."

"రెండువేలు చెయ్యగలిగింది పన్నెండొందల చిల్లరతో సరిపెడుతోంది. పాపం, దానికి అందింది అంతే మరి."

"మిగతాదంతా ఎవరు తిన్నట్టు?" అంది వకుళ నీరసంగా.

"బోర్డులో బయలుదేరింది రెండొందల ముప్పై. ఇక్కడికి చేరింది నూట ఎనభై రెండు. దారిలో పోయింది నలభై ఎనిమిది. దాన్నీ ఏడుతో గుణించు."

"మూడొందల ముప్పై ఆరు."

"అన్ని వాట్లు ఊరికే మాయమైపోవు తల్లీ. ఎక్కడో కాలుతూ ఉంటాయి. వెతుకు."

వకుళ తీగ వెంట నడిచింది. పాత తీగ పాడైపోతే ఈ మధ్య తను వేసిన తీగే అది. నవరాత్రుల్లో దీపాల అలంకారానికని ఒక భక్తుడిచ్చిన సన్నటి తీగ. షెడ్డు నలభై మీటర్ల దూరం, తీగేమో ఎనభై మీటర్లు. భక్తులిచ్చినదాన్ని కొయ్యకూడదని ఆశ్రమంలో ఒక పట్టింపు. అందుకని మిగిలిన సగాన్ని చుట్ట చుట్టి గోడమేకుకి తగిలించింది. ఆ తర్వాత దానివైపు చూసే తీరిక లేకపోయింది.

చుట్ట మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి లాక్కుంది.

పొద్దున కంచం మంచం మీద పెట్టిన చప్పుడు మళ్ళీ వినిపించినట్టయింది. వెనకాల గురువుగారు వచ్చి నిలబడ్డారని తెలిసినా తిరిగి చూడలేకపోయింది.

"అలసిపోయానమ్మా," అంది.

"తీగ తప్పేముంది?" అన్నారు యోగాంబగారు. "సన్న తీగ. ఇంత బరువు దానిమీద వేసి, పదకొండేళ్ళలో ఒక్కసారైనా తాకి చూడనిది నేను."

మెయిను ఆపేసి, "కత్తెర తీసుకురా," అన్నారు.

"భక్తులిచ్చింది కదమ్మా..."

"ఇచ్చినాయన అడిగితే నేను చెప్పుకుంటాలే."

చుట్టని కోశారు. కోసిన సగం సరిగ్గా షెడ్డుదాకా వచ్చింది. దాన్ని మొదటి తీగ పక్కనే పరిచి, రెండు చివర్లూ గట్టిగా కలిపి, టేపు చుట్టారు. మెయిను వేశాక హీటరు దగ్గర మీటరు రెండొందల పదహారు చూపించింది. కాసేపటికి డ్రమ్ములో నీళ్ళు సన్నగా రాగం అందుకున్నాయి.

గేటు దగ్గర జీపు హారను మోగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఎవరినైనా పంపిస్తున్నారాండీ? ఉంటే ఎక్కించుకు రమ్మన్నారు," అని కేకేశాడు.

యోగాంబగారు వకుళవైపు చూశారు.

"ఎవరూ రావడం లేదు బాబూ. నువ్వెళ్ళు," అంది వకుళ.

మధ్యాహ్నం షెడ్డు అరుగు మీద పద్దెనిమిది కంచాలూ వరసగా పరిచి ఉన్నాయి. వకుళ మొదటిది చేతిలోకి తీసుకుని చెంగమ్మ మంచంవైపు అడుగు వేసింది.

యోగాంబగారు కాషాయం కొంగు నడుముకి దోపుకుని, గుమ్మంలోంచి చెయ్యి చాచారు.

"రెండోది ఇటియ్యి."