కుండ చుట్టూ కుందేళ్ళ అడుగులు

ఎండలు ముదిరి, అడవి మొత్తానికి ఒక్క మడుగు మిగిలింది. ఎవరు ఎప్పుడు తాగాలో చెప్పడానికి ఒక పెద్ద కావలసి వచ్చింది. అడవిదున్న నిలబడింది, నక్క నిలబడింది. ఎవరు ముందొస్తే వాళ్ళే ముందు తాగాలని దున్న మాట. కుందేళ్ళు అందరికంటే చివర, చీకటిపడ్డాక తాగాలని నక్క మాట. చీకటిపడ్డాక నక్కకి ఆకలేస్తుందని కుందేళ్ళకి వేరే చెప్పాలా?

దున్నకైతే కానుగ గింజ, నక్కకైతే చింతగింజ. మూతి సన్నటి కుండలో వెయ్యాలి, కాపలా తాబేలు. పోలింగ్ రోజు రాలేనివాళ్ళు ముందే వేసి పోవచ్చన్నారు.

నక్క ఊరుకునే రకమా? కుందేళ్ళ బొరియ బొరియకీ వెళ్ళి, మీ ఇళ్ళు నాకు తెలుసని మర్యాదగా చెప్పి వచ్చింది. అడవిపందుల దగ్గర బెదిరింపులు చెల్లవు కనక, తను గెలిస్తే మడుగు పక్క చేమదుంపల మడి వాళ్ళదేనంది. పందులు సరేనన్నాయి.

పోలింగ్ ముందురోజు నక్క కుండ చుట్టూ తిరిగి బురదలో అడుగులు చూసింది. ఎటు చూసినా కుందేళ్ళవే. దున్న బంధువుల గిట్ట ఒక్కటీ లేదు.

"చూశావా బాబాయ్, భయమంటే అదీ. రేపటిదాకా ఆగలేకపోయాయి" అంది తాబేలుతో.

"వచ్చిందెవరో తెలిసింది. ఏ గింజ వేశారో నేనూ చూడలేదు, నువ్వూ చూడలేదు" అంది తాబేలు.

నక్క వింటేగా! గెలుపు ఖాయమనుకోగానే చేమమడి మీద ప్రాణం లాగింది. పందుల దగ్గరికి వెళ్ళి, మీ ఓట్లతో పనిలేదు, దుంపల మాట మర్చిపొమ్మంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం. ఇది ఏటి మధ్యలోనే తగలేసింది.

మర్నాడు దున్న బంధువులు ఎప్పట్లాగే మందగా వచ్చి వేసి పోయారు. పందులు పడుకున్న చోటి నుంచి లేవలేదు.

కుండ పగలగొడితే కానుగ గింజలే ఎక్కువ. పందులు వచ్చి ఉంటే నక్క గట్టెక్కేదే.

నక్క కోపంగా ముసలి కుందేలు వైపు తిరిగింది. "ఏమే ముసలీ, మీరంతా ముందే వచ్చింది నా భయంతో కాదూ?"

"నీ భయంతోనే నాయనా" అంది కుందేలు, దున్న పక్కకి జరిగి నిలబడి. "పోలింగ్ రోజు నువ్వు కుండ పక్కనే కూర్చుంటావని భయం. అందుకే నువ్వు పగలు నిద్రపోయే వేళ చూసి, దున్నకి వేసి పోయాం."

ఆ పూట కుందేళ్ళు పట్టపగలే, పిల్లలతో సహా, కడుపునిండా నీళ్ళు తాగాయి.

అడుగు చూస్తే వచ్చిందెవరో తెలుస్తుంది. మనసు తెలియాలంటే కుండ పగిలేదాకా ఆగాల్సిందే.